ఏ జాతి కుక్కండీ అది?

 

ఆదివారం వందన అయ్యాక మామిడికుదురులో మా పేట విహారం దగ్గర టీ తాగుతూ కాసేపు కూర్చుంటాం. అసలు ధమ్మ చర్చ ఆ కాసేపట్లోనే జరుగుతుందని నాకు అనిపిస్తుంది. ఒకసారి మాట కుక్కల మీదికి వెళ్ళింది. కువైట్ నుంచి వచ్చి స్లాబు ఇల్లు కట్టుకున్న ఒక తమ్ముడు కొత్తగా కుక్కపిల్లను తెచ్చాడు.

“ఏ జాతి కుక్కండీ అది?” అని ఎవరో అడిగారు.

“లాబ్రడారండీ. రాజమండ్రిలో కొన్నాను, పదిహేను వేలు. అసలైన జాతి. పేపర్లు కూడా ఇచ్చారు.”

“కుక్కకి పేపర్లేంట్రా?” అంది పక్కనున్న మామ్మ.

“దాని అమ్మెవరు, నాన్నెవరు, తాతెవరు అన్నీ ఉంటాయి మామ్మా అందులో. కలగాపులగం కాదని రుజువు.”

“మరి మీ ఎర్రదేదీ? రెండ్రోజుల్నించి కనపడ్డం లేదు.”

ఎర్రది ఆ ఇంటి ముందు ఆరేళ్ళుగా పడుకునే ఊరకుక్క. తమ్ముడు కొంచెం నసిగాడు. “బోదె అవతల వదిలేశాను మామ్మా. ఇది దాంతో కలిస్తే పాడైపోద్దన్నారు” అన్నాడు.

కలిస్తే పాడైపోద్ది. ఆ మాట అక్కడ కూర్చున్న వాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు విన్నదే. కుక్కల గురించి కాదు. హాస్టల్లో విన్నవాళ్ళున్నారు, పెళ్ళి విషయంలో విన్నవాళ్ళున్నారు, కొబ్బరి దింపు పనికి వెళ్ళినచోట విన్నవాళ్ళున్నారు. తమ్ముడికి కూడా తానన్న మాట తనకే వినపడినట్టుంది, తల దించుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. 22 ప్రతిజ్ఞలూ చూడకుండా చెప్పగలడు. అందుకే ఈ విషయం రాయాలనిపించింది. కులం వదిలేశామని ప్రమాణం చేసిన మనిషి నోట అంత తేలిగ్గా ఆ మాట ఎలా వచ్చింది?

ముందు ఒక ఇబ్బంది చెప్పుకోవాలి. కుక్కల జాతుల గురించీ మనుషుల కులాల గురించీ ఒకే చోట మాట్లాడితే మనవాళ్ళలో చాలామందికి మనసు చివుక్కుమంటుంది. మమ్మల్ని కుక్కలతో పోలుస్తారా అంటారు. ఆ బాధ న్యాయమైనదే. మనుస్మృతి పదో అధ్యాయం చండాలులనూ శ్వపచులనూ ఊరి బయట ఉండమంది. వాళ్ళ ఆస్తి కుక్కలూ గాడిదలే అంది. శ్వపచుడంటేనే కుక్కను వండుకు తినేవాడని అర్థం. బడిలో మనందరిచేతా బట్టీ పట్టించిన సుమతీ శతకంలో, బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టినా కుక్కకు పాత గుణం పోదని చెప్పే పద్యం ఉంది. మన పిల్లవాడు ఒక ఉద్యోగంలోకి వెళ్ళి చిన్న తప్పు చేస్తే ఆఫీసులో ఎవరో ఒకరు ఆ పద్యం అందుకుంటారు. ఇంగ్లీషువాళ్ళు మన దేశపు ఊరకుక్కకు పెట్టిన పేరు కూడా గుర్తుంచుకోండి. పరయా డాగ్ అన్నారు. తమిళనాడులో డప్పు కొట్టే పరయర్ల కులం పేరును తీసుకెళ్ళి దిక్కులేని కుక్కకు పెట్టారు. ఈనాటికీ కుక్కల పుస్తకాల్లో ఆ పేరు ఉంది.

1927 మార్చి 20న మహాడ్ చవదార్ చెరువులో బాబాసాహెబ్ దోసిలితో నీళ్ళు తీసుకున్నారు. అంతవరకు ఆ నీళ్ళు కుక్క తాగొచ్చు, పిల్లి తాగొచ్చు, మనం తాగకూడదు. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది కూడా మాదిగలు తాగే చెరువు దగ్గర పెద్దకులాల కుర్రాళ్ళు గేదెను కడగబోతే వద్దన్నందుకే. వాళ్ళ పశువుకున్న విలువ మన మనిషికి లేదని చెప్పిన చరిత్ర ఇది. కాబట్టి మనకూ కుక్కకూ మధ్య పోలిక తెచ్చినవాళ్ళు మనం కాదు. ఆ పోలికలో మన పక్కన నిలబెట్టిన ఆ ప్రాణి ఏ పాపమూ చేయలేదన్నది కూడా నిజం. దొరవారి గేటు దగ్గర మన తాతను చూసి అరిచిన కుక్కకు కులం తెలియదు. ఎవరిని చూసి అరవాలో యజమాని నేర్పాడు.

ఇప్పుడు జాతి సంగతి. తెలుగులో కుక్కకీ మనిషికీ ఒకే మాట వాడతాం. మంచి జాతి, జాతి తక్కువది, సంకరజాతి. ఇందులో సంకరం అనే మాట మనువు వాడిందే. ఏ వర్ణంవాడు ఏ వర్ణపు స్త్రీతో కలిస్తే ఏ నీచజాతి పుడుతుందో ఆ పదో అధ్యాయంలోనే వరసగా లెక్క కట్టాడు. మన పశువుల ఆసుపత్రి గోడ మీద ఆవు బొమ్మ కింద ఉన్న సంకరజాతి అనే మాట అక్కడి నుంచి వచ్చింది.

మరి జాతికుక్క అంటే ఏమిటి? బాబాసాహెబ్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఒక వ్యాసం చదివారు. భారతదేశంలో కులాలు అని దాని పేరు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్ళు. కులానికి ప్రాణం ఎక్కడుందో అందులో వెతికారు. వృత్తిలో లేదు, రంగులో లేదు, అంటు ముట్టులో లేదు. లోపలివాళ్ళను లోపలివాళ్ళకే ఇచ్చి పెళ్ళి చేయడంలో ఉందన్నారు. ఆ కట్టడి నిలబడడానికే సతి, విధవరికం, బాల్యవివాహం వచ్చాయని వివరించారు.

ఆ వ్యాసం పక్కన ఆ తమ్ముడి కుక్కపిల్ల పేపర్లను పెట్టి చూడండి. దాని తండ్రి, తల్లి, తాతలు అందరూ లాబ్రడార్లే. బయటి కుక్క ఒక్కటి కలిసినా పేపరు చెల్లదు. ఈ పద్ధతి ప్రాచీనమైనదేమీ కాదు. లండన్‌లో కెన్నెల్ క్లబ్ పెట్టింది 1873లో. అంతకుముందు కుక్కను ఎక్కువగా చేసే పనిని బట్టి పిలిచేవారు. గొర్రెలు కాసేది, వేటకు వెళ్ళేది, ఎలుకలు పట్టేది అని. క్లబ్బులు వచ్చాక వంశవృక్షాల రిజిస్టర్లు వచ్చాయి. ముక్కు ఎంత పొడుగుండాలి, చెవి ఎలా వాలాలి, ఏ రంగు పనికిరాదు అని రాసుకున్నారు. ఆ కొలతకు తగినవాటిని వాటిలో వాటికే జతకట్టించారు. ఒక్కోచోట అన్నాచెల్లెళ్ళకే, తండ్రీకూతుళ్ళకే జతకట్టించారు.

దాని ఫలితం ఆ ప్రాణి ఒళ్ళే చెబుతుంది. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో ఒక పిల్లాడి వెంట నడిచిన చిన్న కుక్కను చూసి దేశమంతా ముచ్చటపడింది. పగ్ అనే పేరు తెలియనివాళ్ళు ఇప్పటికీ దాన్ని హచ్ కుక్క అంటారు. మూతి చప్పిడిగా ఉండాలని తరాల తరబడి జతకట్టించి దాని ముక్కుదారిని ఇరుకు చేశారు. అది గురక పెడుతుంటే ముద్దుగా ఉందంటాం, ఆ గురక ఊపిరాడక పెట్టేది. జర్మన్ షెపర్డ్‌కీ లాబ్రడార్‌కీ తుంటి కీలు సరిగ్గా కూర్చోని జబ్బు ఎక్కువ. డాల్మేషియన్లలో పుట్టు చెవుడు ఎక్కువ. మంచు దేశంలో బండి లాగే హస్కీని తెచ్చి మే నెలలో కోనసీమ ఉక్కపోతలో కట్టేస్తున్నారు. మనుషులకే చెమట ఆగని చోట అంత బొచ్చేసుకుని అది ఎలా బతకాలి? 1936లో రాసిన కులనిర్మూలనలో బాబాసాహెబ్ ఒక ప్రశ్న వేశారు. కులం వల్ల రక్తం శుద్ధిగా ఉండి జాతి మెరుగుపడుతుందంటున్నారే, మరి ఇన్ని వందల ఏళ్ళు అది పాటించిన హిందువుల శరీరాలు ఇలా ఎందుకున్నాయి అని. కుక్కల విషయంలోనూ ఆ ప్రశ్న వేయవచ్చు.

ఇక్కడ డిగ్రీ చదివే ఒక అమ్మాయి అడ్డం వచ్చింది. ఆమె అడిగింది గట్టి ప్రశ్నే. “బుద్ధుడే చెప్పాడు కదండీ, జంతువుల్లో జాతులున్నాయని? వాసెట్ఠ సుత్తంలో ఉంది కదా.”

ఉంది. వాసెట్ఠుడూ భారద్వాజుడూ అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు పుట్టుకతో బ్రాహ్మణుడా, నడవడితో బ్రాహ్మణుడా అని వాదించుకుని భగవానుని దగ్గరకు వస్తారు. గడ్డిలో, చెట్లలో, పురుగుల్లో, నాలుగు కాళ్ళ జంతువుల్లో, పాముల్లో, చేపల్లో, పక్షుల్లో పుట్టుకతో వచ్చిన గుర్తులు వేరువేరుగా ఉన్నాయి, మనుషుల్లో అలాంటి గుర్తు లేదు అని ఆయన చెబుతాడు. పొలం దున్నితే రైతు, సరుకు అమ్మితే వర్తకుడు. ఆ తేడాలు పనిని బట్టి, పేరును బట్టి వచ్చినవే. మన వాదానికంతా పునాది అది. అయితే ఆ సుత్తాన్ని పట్టుకుని, చూశారా, కుక్కల్లో ఎక్కువ తక్కువ జాతులు సహజమే అంటే కుదరదు. భగవానుడు చెప్పింది కుక్క వేరు, ఆవు వేరు, చేప వేరు అని. లాబ్రడార్‌కీ మన ఎర్రదానికీ పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ పిల్లలు పుడతాయి. వాటి మధ్య గోడ మనం కట్టింది. ఇంకో సంగతి, భగవానుడు తేడా ఉందన్నాడు గానీ, ఆ తేడా చూపించి చీమ కన్నా ఏనుగు ప్రాణం గొప్పదని అనలేదు.

అలాగని నేను రెండింటినీ ఒకటి చేసి మాట్లాడితే అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. మనుషుల్లో కులం వల్ల గుణమూ రాదు, తెలివీ రాదు. కుక్కల్లో మాత్రం మనిషి ఎంచి ఎంచి జతకట్టించడం వల్ల ఒళ్ళూ అలవాట్లూ కొంత మారిన మాట నిజం. మన పక్కనే ఉదాహరణ ఉంది. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అనే కుక్క ఉంది. పొట్టి వెంట్రుకలతో నున్నగా ఉంటుంది. బాతులు మేపేవాళ్ళకు అది కుడిభుజం. వందల బాతుల్ని చెల్లాచెదురు కాకుండా తోలుతుంది, ఒక్కదాన్నీ కొరకదు. కొల్లేరులో బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దానికి పని పోయింది, సంఖ్య కూడా తగ్గిపోయింది. బాతులు మేపే మనిషి జోనంగినే కావాలనుకుంటే అది జాతి పిచ్చి అని నేననను. దాన్ని ఎంచుకున్నది పని కోసం. ఆ తమ్ముణ్ణి అడిగాను, లాబ్రడార్ నీకు దేనికయ్యా అని. “చూసినవాళ్ళు బాగుందంటారండీ” అన్నాడు. నిజాయితీగా చెప్పాడు.

అతని మాటలో ఇంకోటి ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. పెద్దకులాల ఇళ్ళ గేట్ల వెనక అలాంటి కుక్కలను చూస్తూ పెరిగినవాడు. ఇవాళ నా కష్టం మీద నా ఇంటి ముందు కట్టుకుంటే తప్పేమిటి అంటాడు. తప్పు కాదు. మంచి బట్ట కట్టుకోమని, మంచి ఇంట్లో ఉండమని, తలెత్తుకు తిరగమని చెప్పిన ఉద్యమం మనది. మనం పోరాడి తెచ్చుకున్నవి నీళ్ళు, దారి, బడి, ఓటు. జన్మను బట్టి విలువ కట్టే ఆ తూనికరాయిని కూడా తెచ్చుకోవాలా? లాబ్రడార్ వచ్చినందుకు నాకు ఇబ్బంది లేదు. అది వచ్చిన రోజే ఎర్రది బోదె అవతలకు ఎందుకు వెళ్ళాల్సి వచ్చింది అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నకు మన సాహిత్యంలో ఒక పాత కథ ఉంది. కుక్కుర జాతకం అంటారు. జాతకాలను పునర్జన్మల లెక్కగా మనం తీసుకోనక్కరలేదు, ఆత్మ ఒక ఒంట్లోంచి ఇంకో ఒంట్లోకి పోవడాన్ని బాబాసాహెబ్ ఒప్పుకోలేదు. నీతికథగా వినండి. కాశీరాజు రథం రాత్రి వానలో వాకిట్లో తడిసింది. తోలు పట్టెడలు నానిపోయాయి. మేడ మీద పెరిగిన రాజుగారి జాతికుక్కలు కిందికి దిగి ఆ తోలంతా నమిలేశాయి. పొద్దున్నే నౌకర్లు, తూములోంచి బయటి కుక్కలు దూరి తినేశాయి ప్రభూ అన్నారు. కనపడిన కుక్కనల్లా చంపమన్నాడు రాజు. చావగా మిగిలినవి శ్మశానంలో ఉండే కుక్కల నాయకుడి దగ్గరకు పరుగెత్తాయి. ఆ నాయకుడు ఆలోచించాడు. అంత కాపలా ఉన్న కోటలోకి బయటి కుక్క ఎలా వెళ్తుంది? ఇది లోపలివాటి పనే. ఒంటరిగా నగరంలోకి నడిచి రాజుగారి ఆసనం కిందికి వెళ్ళి కూర్చున్నాడు.

అన్ని కుక్కల్నీ చంపుతున్నారా అని అడిగితే, మా ఇంట్లోని జాతికుక్కల్ని తప్ప అన్నాడు రాజు. తోలు తిన్నది ఎవరో తెలుసా అంటే తెలియదన్నాడు. తెలియకుండా కొన్నిటిని చంపి కొన్నిటిని వదలడం న్యాయం కాదు, మీరు అగతిలో నడుస్తున్నారు అన్నాడు ఆ శ్మశానపు కుక్క. తర్వాత మజ్జిగా గడ్డీ తెప్పించి మేడ కుక్కలకు పట్టించమన్నాడు. అవి తోలు ముక్కలు కక్కేశాయి.

అగతి అంటే దారి కాని దారి. అవి నాలుగని ధమ్మం చెబుతుంది. ఇష్టం వల్ల, ద్వేషం వల్ల, తెలియనితనం వల్ల, భయం వల్ల తీర్పు పక్కకు ఒరగడం. సిగాలోవాద సుత్తంలో గృహస్థులకు కూడా భగవానుడు ఈ నాలుగింటి గురించే హెచ్చరించాడు. రాజుకు జాతికుక్కల మీద ఇష్టం ఉంది, బయటి కుక్కలంటే చులకన ఉంది, రాత్రి ఏం జరిగిందో తెలియదు. తీర్పు మాత్రం క్షణంలో వచ్చేసింది. మన పేటలో పోలీసులు దొంగతనం కేసుకు ఎవరిని ముందు పట్టుకెళ్తారో తెలిసినవాళ్ళకు ఈ కథ విడమరిచి చెప్పక్కరలేదు. 1871లో బ్రిటిష్‌వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చి పుట్టుకతోనే దొంగలని కొన్ని కులాలకు ముద్ర వేశారు. మన స్టువర్టుపురం ఎరుకలవాళ్ళు ఆ ముద్రను మోశారు. 1952లో చట్టం పోయింది, చూపు ఇంకా పూర్తిగా పోలేదు.

ఆ జాతకం మన కాలంలోనూ జరిగింది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో రాత్రిపూట ఎవరో కారులో వచ్చి ఊరకుక్కల్ని తుపాకీతో కాల్చి వెళ్ళారు. సుమారు 20 కుక్కలు చనిపోయాయి. తర్వాతి నెలలో పోలీసులు కొందరిని అరెస్టు చేసి కారణం చెప్పారు. ఒకాయన తన అత్తవారింట్లో ఉంచిన డాక్స్‌హండ్ కుక్కను ఊరకుక్కలు కరిచి చంపాయట. ఆ కోపంతో ఊరిమీద పడ్డారట. తన కుక్క చచ్చిపోయిందన్న దుఃఖం నిజమే అయివుండొచ్చు. ఒక డాక్స్‌హండ్‌కు ఇరవై ఊరకుక్కలు సమానమని లెక్క కట్టింది మాత్రం దుఃఖం కాదు. ఏ ఇరవై కరిచాయో వెతకలేదు, కనపడ్డవాటిని కాల్చారు.

ఇంతవరకు ఒక వైపు. రెండో వైపు చూడకపోతే మైత్రి అనే మాట అనడానికి మనకు అర్హత లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ళ పిల్లవాణ్ణి చంపేశాయి. తండ్రి వాచ్‌మన్. పిల్లవాడు తండ్రి పనిచేసే చోటికి వచ్చి ఆడుకుంటున్నాడు. వీధికుక్క కరిచేది ఎవరిని? తెల్లవారకముందే ఊడ్చడానికి బయల్దేరే పారిశుధ్య కార్మికురాలిని. ఇంట్లో చోటు చాలక అరుగు మీద పడుకునేవాణ్ణి. కాలినడకన బడికి వెళ్ళే పిల్లను. కారు అద్దం దించి బిస్కెట్లు విసిరి వెళ్ళిపోయేవాళ్ళను కరవదు. అలా విసరడం కరుణ కాదని నేననడంలేదు, సగం పని అంటున్నాను. మిగతా సగం మన పేటవాళ్ళ పిక్కల మీద పడుతోంది.

బుద్ధుడు – ఆయన ధమ్మంలో బాబాసాహెబ్ కరుణకూ మైత్రికీ తేడా చెప్పారు. కరుణ మనుషుల పట్ల, మైత్రి ప్రాణులన్నిటి పట్ల. భగవానుడు కరుణ దగ్గర ఆగిపోలేదని రాశారు. అహింస గురించి రాసినప్పుడు, చంపాల్సిన అవసరం వేరు, చంపాలన్న కోరిక వేరు అని గీత గీశారు. పిచ్చెక్కిన కుక్కను ఆపడం మొదటిది. పొన్నకల్‌లో జరిగింది రెండోది. ధమ్మం మనల్ని చేతులు కట్టుకుని కూర్చోమనలేదు.

పిచ్చికుక్క కాటు గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దీనివల్ల ఇంకా ప్రాణాలు పోతున్నాయి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది దీనితో పోతున్నారని అంచనా, అందులో మూడో వంతు మన దేశంలోనే. కుక్క కరిచినా, గీరినా వెంటనే ధారగా పడే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రిలో టీకా ఉచితం. అక్కడ చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు వేస్తారు. గాయం లోతైతే సీరం కూడా గాయం చుట్టూ ఎక్కించాలి, అడగండి. తాయెత్తు కట్టించుకుని ఇంట్లో కూర్చోవద్దు. మూఢనమ్మకం వదిలామని చెప్పుకునేవాళ్ళం ఇలాంటి చోటే అది చూపించాలి.

2025లో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్నారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తులు దాన్ని సవరించారు. ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి, రేబిస్ ఉన్నవాటినీ మీదపడేవాటినీ మాత్రం వదలొద్దు అన్నారు. దత్తత తీసుకుంటామనేవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. నవంబరు 7న మరో ఆదేశంలో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల నుంచి తీసుకెళ్ళిన కుక్కలను తిరిగి అక్కడ వదలొద్దన్నారు. అన్ని కుక్కలకు సరిపడా షెల్టర్లు ఎక్కడున్నాయన్నది వేరే మాట. ఉన్నవాటిలో పేరున్నవి చెప్పాలంటే హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను అమల అక్కినేని 1992లో మొదలుపెట్టారు. విశాఖలో 1996 నుంచి వీఎస్‌పీసీఏ పనిచేస్తోంది. మీ పిల్లలు ఆ ఊళ్ళలో ఉండి కుక్క కావాలంటే ముందు అలాంటి చోటికి వెళ్ళమనండి. అక్కడ కూడా గేటు దాటగానే లాబ్రడార్ ఉందా, పమేరియన్ ఉందా అని అడిగేవాళ్ళే ఎక్కువ. నల్ల చారలతో, సగం చెవితో, మూడు కాళ్ళతో ఉన్నది మూల కూర్చుని తోక ఊపుతూ ఉంటుంది.

మన కోనసీమలో దత్తతకు షెల్టర్ దాకా వెళ్ళక్కరలేదు. ఏటిగట్టు మీదకు వెళ్తే చాలు. కుక్క ఈనితే మగపిల్లల్ని ఎవరో ఒకరు తీసుకుపోతారు, ఆడపిల్లల్ని గోనెసంచిలో తెచ్చి గట్టు మీద వదిలేస్తారు. జాతి వివక్ష తర్వాత లింగ వివక్ష. దాన్ని పెంచితే ఏడాదికి రెండుసార్లు ఈనుతుందని భయం. ఆపరేషన్ చేయిస్తే ఆ భయం తీరుతుంది. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తర్వాత ఏటేటా ఒకటి. జూలై 6న జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. 1885లో అదే తేదీన పాశ్చర్ మొదటిసారి ఒక పిల్లవాడికి ఈ టీకా వేసి బతికించాడు.

కొనేవాళ్ళకు ఒక మాట. అంగుత్తర నికాయంలో గృహస్థుడు చేయకూడని ఐదు వ్యాపారాలు చెప్పారు. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు, విషం. ప్రాణుల వ్యాపారమంటే మనుషులను అమ్మడమని అట్ఠకథ అర్థం చెప్పింది. కాబట్టి కుక్కపిల్లను కొన్న ప్రతివాడూ శీలం తప్పాడని నేను తీర్పు ఇవ్వలేను. కానీ చీకటి గదిలో బోనులో కట్టేసి ఎదకొచ్చిన ప్రతిసారీ జతకట్టించే ఆడకుక్కను ఒక్కసారి చూసినవాడికి ఆ అట్ఠకథ సరిపోదు. 2017 కేంద్ర నిబంధనల ప్రకారం ఇలా పెంచి అమ్మేవాళ్ళు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఏడాదికి ఒక్క ఈతే ఉండాలి, 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. డబ్బు ఇచ్చే ముందు తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే వెనక్కి వచ్చేయండి.

2022 జూలై వరద గుర్తుండే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పనపల్లి వైపు కాజ్‌వే మునిగింది, లంకల్లో జనాన్ని పడవల మీద దాటించారు. కుక్కతోక పట్టుకుని గోదారి ఈదినట్టు అని మనకో సామెత. దాన్ని నమ్ముకుంటే మునుగుతావని. ఆ రోజు గట్టు మీద నిలబడి చూశాను, ఒక పడవ వెనక కుక్క ఈదుకుంటూ వస్తోంది. తోక పట్టుకున్నవాళ్ళెవరూ లేరు, అదే మనల్ని నమ్ముకుంది. పడవలో ఒకాయన బరువెక్కువైపోద్ది వద్దన్నాడు. ఒకావిడ ఒడిలోని బియ్యం మూట పక్కన పెట్టి దాన్ని మెడ పట్టి లాగింది. ఏ జాతిదో ఎవరూ అడగలేదు. ఒళ్ళంతా బురద, రంగు కూడా తెలియలేదు.

ఎర్రది నాలుగో రోజున దానంతట అదే తిరిగి వచ్చింది, కాలికి ఒక గాటుతో. బోదె అవతలి కుక్కలు కరిచినట్టున్నాయి. ఈలోగా లాబ్రడార్‌ను ఎవరికైనా ఇచ్చేయనా అని తమ్ముడు నన్ను అడిగాడు. వద్దన్నాను. తెచ్చుకున్న ప్రాణిని మోజు తీరాక పంపేయడం మరో తప్పు, దానికి పేపర్లున్నాయన్న సంగతి దానికి తెలియదు కదా. రెండింటికీ ఆపరేషన్ చేయిస్తే కలిస్తే పాడైపోద్దన్న భయం కూడా పోతుందన్నాను. మామ్మ మాత్రం ముందు ఎర్రదాని కాలికి మందు రాయమంది. ఈసారి జూలై 6న రెండింటినీ ఒకే ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తానంటున్నాడు. ఆటోవాడు ఒప్పుకోవాలి, అంతే.